వీఎం (వర్చువల్ మెషీన్) చెరిపి మళ్లీ లేపిన ప్రతిసారీ అవే ప్యాకేజీలు డౌన్‌లోడ్ అవుతున్నాయి, ఆపే దారి ఉందా?

లూప్‌బ్యాక్:

అన్సిబుల్ ప్లేబుక్‌లు (సర్వర్‌ని సిద్ధం చేసే పనుల జాబితాలు) పరీక్షించుకోవడానికి వర్చువల్‌బాక్స్‌లో వీఎంలు నడుపుతూ, వాటిని లేపడానికీ చెరపడానికీ వేగ్రంట్ వాడుతున్నాను. మూడు డెబియన్ వీఎంలు, ఒక ఫెడోరా వీఎం. ప్లేబుక్ ఖాళీ మెషీన్ మీద మొదటి నుంచి చివరిదాకా నడుస్తుందో లేదో తేలాలంటే డెస్ట్రాయ్ కొట్టి మళ్లీ అప్ కొట్టక తప్పదు కదా. అలా కొట్టిన ప్రతిసారీ మూడు డెబియన్ మెషీన్లూ దేనికది అదే పోస్ట్‌గ్రెస్, అదే పైథాన్, అదే బిల్డ్-ఎసెన్షియల్ ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటున్నాయి. ప్లేబుక్ అసలు పనికి పట్టే టైమ్ కంటే ఈ డౌన్‌లోడ్‌కి పట్టేదే ఎక్కువ. మధ్యలో ఏదో ఒక ప్యాకేజీ దగ్గర మిర్రర్ (ప్యాకేజీల నకలు ఉంచే సర్వర్) మొరాయించిందా, అంతా ఫెయిల్, మళ్లీ మొదటికి.

హోస్ట్ (వీఎంలు నడిచే అసలు మెషీన్) మీద ఒక ఫోల్డర్ పెట్టి, ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా మూడింటిలోనూ ఆప్ట్ (డెబియన్ ప్యాకేజీ ఇన్‌స్టాలర్) డౌన్‌లోడ్‌లు ఉంచే ఆర్కైవ్స్ ఫోల్డర్ ఉండే చోట మౌంట్ చేసి చూశాను. ఒక్క మెషీన్ అయితే బాగానే ఉంది. మూడూ ఒకేసారి లేపితే మాత్రం ఒకటి లాక్ పట్టుకుంటుంది, మిగతావి లాక్ దొరకలేదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతాయి. దానికి తోడు శాండ్‌బాక్స్ లేకుండా రూట్‌గా డౌన్‌లోడ్ చేస్తున్నా అని ఒక వార్నింగ్. వేగ్రంట్-క్యాషియర్ అని ప్లగిన్ కనిపించింది కానీ దాన్ని చూసుకునేవాళ్లు ఎవరూ లేనట్టుంది.

నా ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి: సొంతంగా పూర్తి మిర్రర్ పెట్టుకోవడం, క్యాష్ ప్రాక్సీ (ఒకసారి తెచ్చింది దాచి మళ్లీ ఇచ్చే మధ్యవర్తి), లేదా ప్యాకేజీలన్నీ ముందే ఎక్కించిన బాక్స్ (వేగ్రంట్ వాడే వీఎం ఇమేజ్) తయారు చేసుకోవడం. ఏది మంచిది? పిప్ (పైథాన్) ప్యాకేజీలు కూడా చాలానే ఉన్నాయి. డాకర్ వాళ్ల రిపోజిటరీ కూడా వాడతాను, అది హెచ్‌టీటీపీఎస్.

పాత సర్వర్:

పూర్తి మిర్రర్ ఆలోచన ఇప్పుడే వదిలేయండి. మీరు వాడేవి కొన్ని వందల ప్యాకేజీలు, డెబియన్ స్టేబుల్‌లో ఉన్నవి పదుల వేలు. ఎన్నటికీ ముట్టని ప్యాకేజీలతో డిస్క్ నింపుకోవడం, రోజూ వాటిని సింక్ చేసుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఇంటర్నెట్టే లేని నెట్‌వర్క్‌లో పని చేసేవాళ్లకి మిర్రర్ కావాలి, మీకు కాదు.

ఆర్కైవ్స్ ఫోల్డర్‌ని పంచుకోవడం కూడా వద్దు. ఆ ఫోల్డర్ ఒక మెషీన్‌లో ఒక ఆప్ట్ మాత్రమే వాడుకుంటుందన్న లెక్కతో రాసినది. మీరు ఎన్‌ఎఫ్‌ఎస్ వాడారు కాబట్టి లాక్ అన్ని మెషీన్లకీ కనపడి, కనీసం ఎర్రర్ ఇచ్చి ఆగింది. అదే వర్చువల్‌బాక్స్ షేర్డ్ ఫోల్డర్ అయితే ఒక వీఎం పెట్టిన లాక్ ఇంకో వీఎంకి కనపడదు, రెండూ కలిసి పార్షియల్ ఫోల్డర్‌లో ఒకే ఫైల్ మీద రాసేస్తాయి. ఆ వార్నింగ్ ఎందుకంటే, ఆప్ట్ డౌన్‌లోడ్ పనిని రూట్‌తో చేయకుండా అండర్‌స్కోర్ ఆప్ట్ అనే హక్కులు తక్కువున్న యూజర్‌తో చేయిస్తుంది, మీ షేర్‌లో ఆ యూజర్‌కి రాసే అనుమతి లేదు. ఇంకో సంగతి, ఆప్ట్ 1.2 నుంచి ఉత్త ఆప్ట్ కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేస్తే పని కాగానే డెబ్ (డెబియన్ ప్యాకేజీ) ఫైళ్లని అదే తీసేస్తుంది, ఆప్ట్-గెట్ అయితే ఉంచుతుంది. ఫోల్డర్ ఎందుకు ఖాళీగా ఉందా అని జుట్టు పీక్కునేవాళ్లలో సగం మంది సంగతి ఇదే.

మీకు సరిపోయేది ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ. హోస్ట్ మీద ఇన్‌స్టాల్ చేయండి, 3142 పోర్ట్ మీద కూర్చుంటుంది. ప్రతి వీఎంలో ఆప్ట్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఒక్క లైను ఉన్న ఫైల్, హెచ్‌టీటీపీ ప్రాక్సీ ఫలానా అడ్రస్ అని. వర్చువల్‌బాక్స్ నాట్‌లో గెస్ట్‌కి (అంటే వీఎంకి) హోస్ట్ కనిపించే అడ్రస్ 10.0.2.2, లిబ్‌వర్ట్ డిఫాల్ట్ నెట్‌వర్క్ అయితే 192.168.122.1. ముందు గెస్ట్ నుంచి కర్ల్‌తో ఆ పోర్ట్ తెరుచుకుంటుందో లేదో చూసుకుని తర్వాతే ఆప్ట్ దాకా వెళ్లండి, హోస్ట్ ఫైర్‌వాల్ అడ్డుపడటం మామూలే.

దీని గొప్పదనం ఏమిటంటే ఏది పాతబడుతుందో, ఏది పాతబడదో దీనికి తెలుసు. ఒక వెర్షన్ నంబర్‌తో వచ్చిన డెబ్ ఫైల్ ఇక మారదు, ఒకసారి తెచ్చుకుంటే ఎన్నాళ్లైనా ఇవ్వొచ్చు. మారేవి ఇండెక్స్ ఫైళ్లు, అంటే ఇన్‌రిలీజ్, ప్యాకేజెస్ లాంటివి. వాటిని ప్రతిసారీ అసలు సర్వర్‌ని అడిగి, మారితేనే కొత్తది తెస్తుంది. మామూలు వెబ్ ప్రాక్సీకి ఈ తేడా తెలియక పాత ఇండెక్స్ ఒకటి, కొత్త ఇండెక్స్ ఒకటి కలిపి ఇచ్చేస్తే వచ్చేదే ఆ హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్ అనే ఎర్రర్. రెండోది, మూడు వీఎంలు మూడు వేర్వేరు డెబియన్ మిర్రర్లు వాడినా వాటన్నింటినీ ఒకే గూటికి చేర్చే రీమ్యాప్ నియమాలు ఇందులో ముందే ఉన్నాయి, కాబట్టి ఒకే ఫైల్ మూడుసార్లు దాచుకోదు. ఇండెక్స్‌లోంచి మాయమైన పాత ఫైళ్లని రోజూ నడిచే క్రాన్ పని కొన్నాళ్లు ఆగి తీసేస్తుంది, డిస్క్ నిండుతుందన్న భయం లేదు.

ఒకటి మర్చిపోకండి: ఈ ప్రాక్సీ ఫైల్‌ని అన్సిబుల్‌లో పెట్టకండి. వేగ్రంట్‌ఫైల్‌లో అన్నిటికంటే ముందు నడిచే చిన్న షెల్ ప్రొవిజనర్‌గా పెట్టండి. ప్లేబుక్ అనేది నిజం సర్వర్‌కి వెళ్లేది, మీ ల్యాప్‌టాప్ ప్రాక్సీ దానికి తెలియాల్సిన పని లేదు.

చిన్నస్క్రిప్ట్:

ప్రాక్సీ బాగానే ఉంది కానీ అది సగం పనే బ్రో. డౌన్‌లోడ్ తగ్గుతుంది, ఇన్‌స్టాల్ తగ్గదు. డీపీకేజీ (ఆప్ట్ కింద అసలు ఇన్‌స్టాల్ చేసేది) అన్నిటినీ విప్పాలి, ఒక్కోదాన్నీ కాన్ఫిగర్ చేయాలి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్) మళ్లీ కట్టాలి, అదంతా ప్రతి డెస్ట్రాయ్ తర్వాతా మళ్లీ జరిగేదే. ప్యాకర్ అనే ఇమేజ్‌లు కట్టే సాధనంతో బేస్ బాక్స్ ఒకటి కట్టుకుని, ఎప్పుడూ మారని ప్యాకేజీలన్నీ అందులో ఎక్కించేయ్. వేగ్రంట్‌లో లింక్డ్ క్లోన్ ఆన్ చేస్తే ప్రతి మెషీన్‌కీ డిస్క్ మొత్తం కాపీ చేయకుండా తేడా మాత్రమే రాసుకుంటుంది, లేవడం కూడా చాలా వేగం. క్యూఎమూలో క్యూకౌ2 బ్యాకింగ్ ఫైల్ చేసేదీ ఇదే.

బాక్స్ కట్టాక చివర్లో ఆప్ట్ క్లీన్ కొట్టు, లేకపోతే డెబ్ ఫైళ్లు కూడా ఇమేజ్‌లో మూటకట్టి వస్తాయి. ఇంకోటి, మెషీన్-ఐడీ ఫైల్‌ని ఖాళీ చెయ్. తీసేయడం కాదు, ఖాళీ ఫైల్‌గా ఉంచడం. ఇది చేయకపోతే అన్ని క్లోన్లకీ ఒకే ఐడీ ఉంటుంది, సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ డీహెచ్‌సీపీకి (ఐపీ అడ్రస్‌లు పంచే సర్వర్‌కి) పంపే గుర్తు దాన్నుంచే తయారవుతుంది, అప్పుడు మ్యాక్ అడ్రస్‌లు వేరైనా మెషీన్లకి ఒకే ఐపీ ఇచ్చేస్తుంది సర్వర్. రాత్రంతా నెట్‌వర్క్ మీద అనుమానపడతావు, తప్పు ఇమేజ్‌ది. ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు కూడా తీసేసి, మొదటి బూట్‌లో కొత్తవి పుట్టే ఏర్పాటు చెయ్.

పాత సర్వర్:

ఇమేజ్‌కి నేను వ్యతిరేకం కాదు, కానీ ఇక్కడ అడిగింది ప్లేబుక్ పరీక్ష గురించి. ప్లేబుక్ ఎక్కించాల్సిన ప్యాకేజీలు ముందే ఇమేజ్‌లో ఉంటే, ఆ లిస్ట్‌లో ఒక పేరు రాయడం మరిచిపోయినా పరీక్ష పాసైపోతుంది. నిజం సర్వర్ మీదే బయటపడుతుంది. పరీక్ష ఖాళీ మెషీన్ మీద జరగాలని ఆయనే మొదట్లో చెప్పారు.

ఇమేజ్ పాతబడే సంగతి కూడా ఉంది. కట్టిన కొద్ది వారాలకే సెక్యూరిటీ అప్‌డేట్లు పేరుకుంటాయి, అప్‌గ్రేడ్ కొట్టగానే ప్రతి క్లోనూ మళ్లీ అవే అప్‌డేట్లు విడివిడిగా తెచ్చుకుంటుంది, అంటే మొదటి సమస్యకే తిరిగి వచ్చాం. కాబట్టి ఇమేజ్ ఉన్నా ప్రాక్సీ కావాలి. ప్రాక్సీ ఉంటే ఇమేజ్ కట్టడం కూడా చిటికెలో అయిపోతుంది కాబట్టి దాన్ని తరచుగా కట్టొచ్చు. ప్లేబుక్‌కి సంబంధం లేని సామాను, అంటే ఏ మెషీన్‌కైనా ఉండే పైథాన్, సుడో, కర్ల్ వరకు ఇమేజ్‌లో పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఖాళీ డిస్క్:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, ఒక సందేహం. డెబియన్ ప్యాకేజీలని ఉత్త హెచ్‌టీటీపీ మీద, అదీ ఒక ప్రాక్సీ గుండా తెచ్చుకోవడం సురక్షితమేనా? ఈ రోజుల్లో ఎవరైనా అన్నీ హెచ్‌టీటీపీఎస్ పెట్టుకోమనే అంటున్నారు కదా. హెచ్‌టీటీపీఎస్ పెడితే క్యాష్ పని చేయదు, తీసేస్తే టెన్షన్.

కీరింగ్:

మంచి ప్రశ్నే. ఆప్ట్ నమ్మకం దారి మీద లేదు, సంతకం మీద ఉంది. ఇన్‌రిలీజ్ ఫైల్ మీద డెబియన్ వాళ్ల జీపీజీ సంతకం ఉంటుంది, ఆ ఫైల్‌లో ప్యాకేజెస్ ఇండెక్స్‌ల ఎస్‌హెచ్‌ఏ256 హ్యాష్‌లు (ఫైల్ వేలిముద్రల్లాంటివి) ఉంటాయి, ఆ ఇండెక్స్‌లో ప్రతి డెబ్ ఫైల్ హ్యాష్ ఉంటుంది. మధ్యలో ప్రాక్సీ అయినా, దారి కాసినవాడైనా ఒక్క బైట్ మార్చితే ఆప్ట్ తీసుకోదు. పాత ఇండెక్స్‌నే మళ్లీ మళ్లీ చూపించి అప్‌డేట్లు రాకుండా ఆపే ఎత్తు ఒకటుంది, దానికి సెక్యూరిటీ రిపోజిటరీ లాంటి వాటిలో గడువు తేదీ కూడా రాసి ఉంటుంది.

హెచ్‌టీటీపీఎస్ వల్ల అదనంగా వచ్చేది గోప్యత, మీరు ఏ ప్యాకేజీలు దించుతున్నారో దారిలో వాళ్లకి తెలియకుండా. అయితే 2019 జనవరిలో ఆప్ట్‌లోనే ఒక లోపం బయటపడింది, హెచ్‌టీటీపీ రీడైరెక్ట్‌ని ఆసరా చేసుకుని దారిలో ఉన్నవాడు కోడ్ నడిపించే వీలున్న లోపం. వెంటనే సరిచేశారు కానీ, సంతకం ఉంది కదా ఇక చాలు అని నిశ్చింతగా ఉండేవాళ్లకి అది గట్టి దెబ్బే. అందుకే నా పద్ధతి ఏమిటంటే వీఎంకీ ప్రాక్సీకీ మధ్య హెచ్‌టీటీపీ, అది నా మెషీన్ లోపలి దారే, ప్రాక్సీకీ బయట సర్వర్‌కీ మధ్య హెచ్‌టీటీపీఎస్.

లూప్‌బ్యాక్ గారి డాకర్ రిపోజిటరీకీ ఇదే చేయాలి. మామూలుగా హెచ్‌టీటీపీఎస్ అడ్రస్‌ని ప్రాక్సీ గుండా పంపితే అది కనెక్ట్ టన్నెల్ అడుగుతుంది. ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ డిఫాల్ట్‌గా దాన్ని ఒప్పుకోదు, 403, కనెక్ట్ డినైడ్ అంటుంది. పాస్‌త్రూ ప్యాటర్న్ పెట్టి ఒప్పించొచ్చు కానీ అప్పుడు లోపల ఏం పోతోందో దానికి కనపడదు కాబట్టి ఏమీ దాచుకోలేదు. బదులుగా వీఎంలోని సోర్సెస్ ఫైల్‌లో అడ్రస్‌ని హెచ్‌టీటీపీ అని మొదలుపెట్టి, హోస్ట్ పేరు స్థానంలో పెద్దక్షరాల్లో హెచ్‌టీటీపీఎస్ అని రాసి, మూడు స్లాష్‌లు పెట్టి, ఆ తర్వాత అసలు హోస్ట్ పేరు రాయండి. చూడ్డానికి వికారంగా ఉంటుంది, కానీ ప్రాక్సీకి అర్థమవుతుంది, అది బయటికి హెచ్‌టీటీపీఎస్‌తో వెళ్లి తెచ్చి దాచుకుంటుంది. ఈ తంటా వద్దనుకుంటే ఆప్ట్‌లో హెచ్‌టీటీపీఎస్‌కి ప్రాక్సీ డైరెక్ట్ అని పెట్టండి, ఆ ఒక్క రిపోజిటరీ నేరుగా పోతుంది.

ఆర్పీఎం అభిమాని:

అందరూ డెబియన్ దగ్గరే ఆగిపోయారు, ఫెడోరా సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీతో ఆర్పీఎంలు (ఫెడోరా ప్యాకేజీలు) కూడా నడిపేవాళ్లున్నారు కానీ నేనైతే స్క్విడ్ అనే మామూలు వెబ్ క్యాష్ ప్రాక్సీ పెడతాను. రెండు చోట్ల జాగ్రత్త.

మొదటిది, స్క్విడ్‌లో ఒక ఫైల్ గరిష్ఠ సైజు డిఫాల్ట్‌గా 4 ఎంబీ. అంతకంటే పెద్దది దాచుకోదు. అంటే కర్నల్, ఫర్మ్‌వేర్, కంపైలర్ లాంటి అసలు బరువైనవన్నీ జారిపోతాయి, చిన్నాచితకా మాత్రం నిలుస్తాయి, జల్లెడని తిరగేసి పట్టుకున్నట్టు. ఆ లిమిట్ పెంచండి, పెంచే లైను క్యాష్ డైరెక్టరీ లైను కంటే పైన ఉండాలి, కింద రాస్తే ఆ డైరెక్టరీకి వర్తించదు. క్యాష్ డైరెక్టరీ లైను కూడా మొదట్లో కామెంట్ చేసి ఉంటుంది, తెరవకపోతే మెమరీలోనే దాచుకుని రీస్టార్ట్ అవగానే అంతా పోతుంది.

రెండోది, ఫెడోరా రిపో ఫైళ్లలో ఉండేది మెటాలింక్. అది ప్రతిసారీ ఒక మిర్రర్ల జాబితా ఇస్తుంది, ఇవాళ ఒక మిర్రర్, రేపు ఇంకొకటి. ఫైల్ ఒకటే అయినా అడ్రస్ వేరు కాబట్టి స్క్విడ్ దృష్టిలో అవి వేర్వేరు ఫైళ్లు, క్యాష్ నిండుతుంది, హిట్ మాత్రం రాదు. మెటాలింక్ లైను కామెంట్ చేసి, బేస్‌యూఆర్ఎల్‌లో హెచ్‌టీటీపీ ఇచ్చే ఒకే మిర్రర్‌ని ఖాయం చేయండి. హెచ్‌టీటీపీఎస్ అయితే స్క్విడ్‌కీ అదే టన్నెల్ గొడవ. ఒకే మిర్రర్‌కి కట్టుబడటం ఇష్టం లేకపోతే స్టోర్ ఐడీ అని ఒక సదుపాయం ఉంది, వేర్వేరు అడ్రస్‌లని ఒకే పేరు కింద దాచమని చెప్పొచ్చు, కానీ ఒక్క వీఎం కోసం అంత అవసరం లేదు.

ఇక్కడ ఒక తేడా గమనించండి: మెటాలింక్‌లో రిపో మెటాడేటా హ్యాష్ హెచ్‌టీటీపీఎస్ మీద వచ్చేది, దాన్ని తీసేశారు కాబట్టి జీపీజీ చెక్ ఆన్‌లోనే ఉందని తప్పకుండా చూసుకోండి. ప్యాకేజీ సంతకాలు అదే చూస్తుంది.

అన్నట్టు డీఎన్‌ఎఫ్‌లో (ఫెడోరాలో ఆప్ట్ లాంటిది) కీప్‌క్యాష్, అంటే దించిన ప్యాకేజీలు ఉంచే సెట్టింగ్, డిఫాల్ట్‌గా ఆఫ్. చెరిపేసే వీఎం లోపల దాన్ని ఆన్ చేసి లాభం లేదు, వీఎంతో పాటే పోతుంది.

చిన్నస్క్రిప్ట్:

ఇంకో దారి చెప్పడం మరిచాను, స్నాప్‌షాట్. ప్లేబుక్‌లో చివరి భాగం మీద పని చేస్తున్నప్పుడు ప్యాకేజీలు ఎక్కిన దగ్గర వేగ్రంట్ స్నాప్‌షాట్ సేవ్ కొట్టి, పాడైతే రిస్టోర్ కొట్టుకో. మొత్తం డెస్ట్రాయ్ రోజు చివర ఒకసారి చాలు. నడుస్తున్న వీఎం స్నాప్‌షాట్ రిస్టోర్ చేస్తే లోపల గడియారం వెనకపడి ఉండొచ్చు, అప్పుడు ఆప్ట్ అప్‌డేట్ కొడితే రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లదు, ఇన్ని గంటల తర్వాత చెల్లుతుంది అని వింత ఎర్రర్ వస్తుంది. ప్రాక్సీని అనుమానించకు, టైమ్ సరిచెయ్.

లూప్‌బ్యాక్:

అందరికీ థ్యాంక్స్. ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ పెట్టేశాను. మొదటిసారి మామూలుగానే నడిచింది, రెండోసారి నుంచి డౌన్‌లోడ్ లైన్లు కళ్లకి అందనంత వేగంగా పోతున్నాయి. మూడు మెషీన్లూ ఒకేసారి లేపినా గొడవ లేదు. ప్రాక్సీ రిపోర్ట్ పేజీలో హిట్లు, మిస్‌లు చూస్తే డాకర్ రిపోజిటరీ కూడా క్యాష్ అవుతోంది, కీరింగ్ గారు చెప్పిన ఆ మూడు స్లాష్‌ల అడ్రస్ పని చేసింది. చిన్నస్క్రిప్ట్ చెప్పింది కూడా నిజమే, ఇప్పుడు టైమంతా డీపీకేజీకే పోతోంది, కానీ అది భరించగలను. ఫెడోరా రేపు చూస్తాను.

రెండు మిగిలాయి. ఒకటి పిప్. రెండోది, ఈ వేగ్రంట్‌ఫైల్‌ని టీమ్‌లో మిగతావాళ్లకి కూడా ఇవ్వాలి. వాళ్లలో కొందరి దగ్గర ప్రాక్సీ ఉండదు, అప్పుడు 3142 దగ్గర కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని ఆప్ట్ ఆగిపోతుంది కదా. ప్రాక్సీ ఉంటే వాడుకో, లేకపోతే నేరుగా వెళ్లు అని చెప్పే వీలుందా?

కీరింగ్:

పిప్‌కి డెవ్‌పై పెట్టుకోండి, హోస్ట్ మీదే. దాని డిఫాల్ట్ పోర్ట్ 3141, ఆప్ట్-క్యాషర్ పక్కిల్లే. పైపీఐకి (పైథాన్ ప్యాకేజీల అసలు సర్వర్‌కి) అద్దంలా పని చేస్తుంది, అడిగిన ప్యాకేజీని ఒకసారి తెచ్చి దాచుకుంటుంది. వీఎంలో పిప్ కాన్ఫిగ్‌లో ఇండెక్స్ యూఆర్ఎల్ దానివైపు తిప్పడం, హెచ్‌టీటీపీ కాబట్టి ట్రస్టెడ్ హోస్ట్ అని చెప్పడం, అంతే. ఇక్కడ మాత్రం ఆప్ట్‌లో ఉన్న సంతకాల రక్షణ లేదు, కాబట్టి డెవ్‌పైని మీ మెషీన్ దాటి బయటికి తెరవకండి, రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో హ్యాష్‌లు రాసుకుంటే ఇంకా మంచిది.

రెండోదానికి ఆప్ట్‌లోనే ఏర్పాటు ఉంది, ప్రాక్సీ-ఆటో-డిటెక్ట్ అని. ప్రాక్సీ అడ్రస్ బదులు ఒక స్క్రిప్ట్ దారి ఇస్తారు. ఆ స్క్రిప్ట్ పోర్ట్ తట్టి చూసి, తెరిచి ఉంటే ప్రాక్సీ అడ్రస్‌ని, లేకపోతే డైరెక్ట్ అన్న మాటని ప్రింట్ చేయాలి. మూడు నాలుగు లైన్ల షెల్ స్క్రిప్ట్. పాత ప్రాక్సీ లైను మాత్రం తీసేయండి, స్క్రిప్ట్ ఏమీ ప్రింట్ చేయకపోతే ఆప్ట్ దాన్నే వాడుతుంది.

పాత సర్వర్:

రాయడానికి బద్ధకమైతే డెబియన్‌లో ఆటో-ఆప్ట్-ప్రాక్సీ అనే ప్యాకేజీ ఉంది, అది చేసేదీ అదే. గేట్‌వే అడ్రస్ మీద కూడా వెతుకుతుంది, వర్చువల్‌బాక్స్ నాట్‌లో గేట్‌వే 10.0.2.2 కాబట్టి మీ హోస్ట్‌ని తనే కనిపెడుతుంది. ఆ ప్యాకేజీ ఒక్కటీ బేస్ బాక్స్‌లో ఎక్కించి ఇచ్చేయండి. ఒక్క ఇబ్బంది, మూడు స్లాష్‌ల డాకర్ అడ్రస్ ప్రాక్సీ లేనివాళ్ల దగ్గర పని చేయదు, హెచ్‌టీటీపీఎస్ అనే హోస్ట్ ఎక్కడా దొరకదు కదా. టీమ్‌కి ఇచ్చే ఫైల్‌లో దాన్ని మామూలు అడ్రస్‌గానే ఉంచి, హెచ్‌టీటీపీఎస్‌కి డైరెక్ట్ పెట్టండి.